బెంగళూరులో ప్రైవేటు క్లినిక్‌ని ఎంచుకునే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి

అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు వాళ్లకి పెద్ద ఆస్పత్రి అంటే బెంగళూరే. ఇక్కడ ఉద్యోగం చేసే తెలుగువాళ్లకి ఊరి నుంచి తరచూ ఒకటే ఫోన్: “ఏమప్పా, అక్కడ మంచి ఆస్పత్రి ఏదో చెప్పు, అమ్మని తీసుకొస్తాం.” మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉండే మనకి నిజానికి ఏమీ తెలియదు. మెట్రో స్తంభం మీద చూసిన బోర్డు పేరో, ఆఫీసులో ఎవరో చెప్పిన పేరో చెప్పేస్తాం. అటు వాళ్లు మన మాట మీద నమ్మకంతో బ్యాగు సర్దుకుంటారు.

“మంచి ఆస్పత్రి ఏది” అని అడిగితే ఎవరి అనుభవం వాళ్లు చెబుతారు. దాని బదులు ఇలా అడగండి: నాకు జరగబోయే ఈ ఒక్క పనికి, ఈ చోటికి అనుమతి ఉందా? చేసే మనిషికి అర్హత ఉందా? మధ్యలో ఏదైనా తేడా వస్తే కాపాడే ఏర్పాటు ఉందా? ఈ మూడూ తేల్చుకోడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. ఒక ఫోను, కాస్త ఓపిక, అడగడానికి మొహమాటపడకపోవడం చాలు.

ఒక్క మినహాయింపు ముందే చెబుతాను. గుండెనొప్పి, పక్షవాతం, యాక్సిడెంట్, ఊపిరి అందకపోవడం లాంటివి వస్తే ఈ వివరాలేవీ చూస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, దగ్గర్లో క్యాజువాలిటీ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తండి. అడ్వాన్స్ కడితేనే ముట్టుకుంటాం అనే హక్కు అత్యవసరంలో ఏ ఆస్పత్రికీ లేదు. సుప్రీంకోర్టు 1989లోనే ప్రాణం కాపాడటం ప్రతి డాక్టరు బాధ్యత అని చెప్పింది, కర్ణాటక చట్టం కూడా అదే అంటుంది. కింద చెప్పేదంతా మీ చేతిలో కొంచెం టైమ్ ఉన్న సందర్భాల కోసం. కంటి శుక్లాలు, పళ్లు, చర్మం, మోకాళ్లు, స్కానింగ్, సంతానం కోసం చికిత్స, బట్టతలకి జుట్టు నాటించుకోవడం లాంటివి. ఎక్కువమంది మోసపోయేది కూడా వీటిలోనే.

మొదటి పని: గోడ మీద సర్టిఫికెట్ చదవడం

కర్ణాటకలో ప్రైవేటు వైద్యశాల ఏదైనా, ఒక్క డాక్టరు కూర్చునే చిన్న క్లినిక్ అయినా సరే, కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద నమోదు కావాలి. ఇది 2007 నాటి చట్టం, 2017లో సవరించారు. ఇక్కడ అందరూ దాన్ని కేపీఎంఈ అనే అంటారు. ల్యాబులు, డెంటల్ క్లినిక్‌లు, ఫిజియోథెరపీ సెంటర్లు, ఆయుర్వేద, హోమియో వైద్యశాలలు అన్నీ దీని కిందికే వస్తాయి. రిజిస్ట్రేషన్ అయిదేళ్ల వరకే చెల్లుతుంది, తర్వాత రెన్యూ చేయించుకోవాలి. సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా పెట్టాలి.

రిసెప్షన్‌లో కూర్చున్నప్పుడు ఫోన్ చూసుకునే బదులు లేచి ఆ గోడ దగ్గరికి వెళ్లండి. ఫ్రేము కట్టి ఉన్నవన్నీ సర్టిఫికెట్లు కావు. ఐఎస్ఓ సర్టిఫికెట్, ఏదో సంస్థ ఇచ్చిన “ఉత్తమ క్లినిక్” అవార్డు, మంత్రిగారితో దిగిన ఫొటో, ఇవేవీ లైసెన్సు కావు. కేపీఎంఈ కాగితం వెతికి పట్టుకుని నాలుగు విషయాలు చదవండి.

ఒకటి, పేరు, అడ్రసు. బయట బోర్డు మీద ఉన్న పేరే ఉందా? అదే వీధి, అదే అంతస్తా? ఒకే పేరుతో నగరంలో నాలుగైదు బ్రాంచీలు ఉన్న చోట ఇది ముఖ్యం. జయనగర్ బ్రాంచి సర్టిఫికెట్ కాపీ వైట్‌ఫీల్డ్ బ్రాంచిలో వేలాడుతుంటే అది వైట్‌ఫీల్డ్‌కి అనుమతి కాదు. రెండు, గడువు తేదీ. “రెన్యువల్‌కి ఇచ్చామండీ” అంటే దరఖాస్తు రసీదు చూపించమని అడగొచ్చు, తప్పులేదు. మూడు, ఏ వైద్య విధానం, అంటే అల్లోపతీనా, ఆయుర్వేదమా, హోమియోనా. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: ఏ రకం సంస్థగా నమోదైంది? కన్సల్టేషన్ క్లినిక్ వేరు, పాలీక్లినిక్ వేరు, పడకలున్న నర్సింగ్ హోమ్ వేరు, ఆస్పత్రి వేరు. చూసి మందులు రాసే అనుమతి మాత్రమే ఉన్న చోట మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తామంటే, గోడ మీద సర్టిఫికెట్ అసలైనదే అయినా మీకు జరిగే పనికి అది పనికిరాదు.

2022 మేలో ఇదే బెంగళూరులో ఒక ప్రైవేటు క్లినిక్‌లో కొవ్వు తీసే సర్జరీకి వెళ్లిన 21 ఏళ్ల టీవీ నటి చనిపోయింది. వార్త చూసి అందరం అయ్యో అనుకున్నాం, తర్వాత మర్చిపోయాం. అందం కోసం చేసేదైనా శరీరం మీద చేసేది ఆపరేషనే. దానికి థియేటర్, మత్తు డాక్టరు, ఐసీయూ అందుబాటు అన్నీ ఉండాలి. బ్యూటీ పార్లర్‌లా అలంకరించిన గదిని చూసి ఈ మాట మర్చిపోకండి.

బయట బోర్డు మీద కూడా కేపీఎంఈ నంబరు ఉండాలని, అల్లోపతి బోర్డు నీలం రంగులో, ఆయుర్వేదం బోర్డు ఆకుపచ్చ రంగులో ఉండాలని 2024లో రాష్ట్ర ఆరోగ్యశాఖ ఆదేశించింది. రంగు చూసి లోపలికి వెళ్లొచ్చుగానీ, రంగొక్కటే నమ్మకండి. నంబరు రాసుకుని కేపీఎంఈ పోర్టల్‌లో చూడండి, లేదా జిల్లా ఆరోగ్యాధికారి కార్యాలయంలో అడగండి.

రిసెప్షన్‌లో అడగడానికి చాలామందికి మొహమాటం. బెంగళూరు రిసెప్షన్‌లలో తెలుగు వచ్చినవాళ్లు ఎక్కువే కాబట్టి హాయిగా తెలుగులోనే అడగండి: “మేడమ్, ఇన్సూరెన్స్‌కి కావాలి, మీ కేపీఎంఈ నంబరు ఒకసారి చెప్తారా?” అబద్ధం కూడా కాదు, క్లెయిమ్ చేసేటప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది అదే. సక్రమంగా నడిచే చోట వెంటనే చెప్తారు, కొందరు ఫొటో తీసుకోమంటారు కూడా. “అవన్నీ మీకెందుకు సార్” అన్నారంటే, అక్కడి నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి.

రెండో పని: డాక్టరు నంబరు సరిచూడటం

డాక్టర్ల వృత్తి ప్రవర్తనకి 2002 నాటి నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి ఎంబీబీఎస్ డాక్టరూ తన రిజిస్ట్రేషన్ నంబరుని క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి, మందుల చీటీ మీద, రసీదు మీద కూడా వేయాలి. ఆ నంబరు లేని చీటీ చేతికొస్తే అడగండి.

నంబరు దొరికాక నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ అని ఒక విభాగం ఉంటుంది, అందులో వెతకండి. పేరుతో వెతికితే తెలుగు, కన్నడ పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ విడదీసి రాశారా లేదా అన్న గొడవలో మనిషి దొరకడు. నంబరు, రాష్ట్ర కౌన్సిల్ పేరు కలిపి వెతకండి. ఒకే నంబరు వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు డాక్టర్లకి ఉంటుంది, అందుకే కౌన్సిల్ పేరు తప్పనిసరి. వచ్చిన ఫలితంలో పేరు, చదివిన యూనివర్సిటీ, డిగ్రీ చూసుకోండి. కర్ణాటకలో రిజిస్టరైన వాళ్ల గురించి కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లో కూడా కనుక్కోవచ్చు. పంటి డాక్టరైతే కర్ణాటక స్టేట్ డెంటల్ కౌన్సిల్. ఆయుర్వేద, హోమియో వాళ్లకి వేరే బోర్డులు ఉన్నాయి.

నెట్‌లో స్టార్ రేటింగులు, అపాయింట్‌మెంట్ యాప్‌లలో ప్రొఫైళ్లు చూడకూడదని కాదు. పార్కింగ్ ఉందా, ఎంతసేపు కూర్చోబెడతారు, మాట సరిగ్గా చెప్తారా లాంటివి వాటిలో తెలుస్తాయి. డిగ్రీ మాత్రం అక్కడ తేల్చుకోకండి.

డిగ్రీల విషయంలో కొంచెం జాగ్రత్తగా చదవాలి. చర్మానికి ఎండీ డెర్మటాలజీ, లేదా దానికి సమానమైన డీఎన్‌బీ, లేదా డీడీవీఎల్ అనే చర్మవ్యాధుల డిప్లొమా చదివినవాళ్లు చర్మ వైద్యులు. “కాస్మెటాలజీలో ఫెలోషిప్” అని పేరు పక్కన నాలుగైదు పొడి అక్షరాలున్నంత మాత్రాన చర్మ నిపుణులు అయిపోరు. విదేశాల్లో ఎంబీబీఎస్‌కి సమానమైన డిగ్రీ చేసి వచ్చినవాళ్లు చాలావరకు ఇక్కడ పరీక్ష పాసై రిజిస్టర్ అవ్వాలి. పాసై రిజిస్టరైతే వాళ్లూ అందరిలాంటి డాక్టర్లే, విదేశీ డిగ్రీ అని చిన్నచూపు అక్కర్లేదు.

మన పల్లెల్లో జ్వరానికి సూది వేసే ఆర్‌ఎంపీని కూడా డాక్టరనే పిలుస్తాం. ఆ అలవాటుతోనే ఇక్కడికొచ్చిన మేస్త్రీలు, కూలి కుటుంబాలు కాడుగోడి, కేఆర్ పురం వైపు సందుల్లో తక్కువకి సెలైన్ ఎక్కించే గదులకి వెళ్తుంటారు. వంద రూపాయలకి ఒళ్లు తేలికపడుతుందని వెళ్లేవాళ్లని తప్పుపట్టను, పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుంది. కానీ ఆ సూదిలో ఏముందో చెప్పేవాడు లేడు. దగ్గర్లో ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమో, నమ్మ క్లినిక్ అనే చిన్న ప్రభుత్వ క్లినిక్కో ఉంటుంది, ఉచితంగా చూస్తారు. మీ అపార్ట్‌మెంట్‌లో పనిచేసే వాచ్‌మన్‌కి, పనమ్మాయికి ఈ ముక్క చెప్పండి, చిరునామా రాసివ్వండి.

ఇంకొక మాట. ఆయుర్వేదం, హోమియో చదివినవాళ్లు తమ విధానంలో వైద్యం చేస్తే అది వాళ్ల హక్కు. బోర్డు హోమియోది పెట్టి లోపల యాంటిబయాటిక్ ఇంజెక్షన్లు వేస్తుంటే మాత్రం ఆగండి. హోమియో చదివిన ఒకరు అల్లోపతి మందులిచ్చిన కేసులో, తెలియని విధానంలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మూడో పని: పనిని బట్టి విడి అనుమతులు

కేపీఎంఈ, డాక్టరు నంబరు అన్నిచోట్లా కావాలి. కొన్ని పనులకి వాటితోపాటు ఇంకో అనుమతి ఉంటుంది. మీకు సంబంధించింది మాత్రం చూసుకోండి.

అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రమున్న ప్రతి చోటూ పుట్టబోయే బిడ్డ ఆడా మగా తేల్చడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్, “ఇక్కడ పుట్టబోయే బిడ్డ ఆడా మగా చెప్పరు” అన్న బోర్డు రెండూ కనిపించాలి. గర్భిణికి స్కాన్ చేసేముందు ఫారం-ఎఫ్ నింపించి సంతకం తీసుకుంటారు, కోప్పడకండి, అది తప్పనిసరి. ఆ ఫారం అడగకుండానే స్కాన్ చేసేస్తున్నారంటే అనుమానించాల్సిందే.

ఎక్స్‌రే, సీటీ స్కాన్ యంత్రాలకి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఎమ్మారైలో రేడియేషన్ లేదు కాబట్టి దానికి ఇది వర్తించదు. గర్భం ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఎక్స్‌రే గదిలోకి వెళ్లకముందే చెప్పేయండి.

సంతానం కోసం ఐవీఎఫ్‌కి, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి, వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆశ, బాధ, బంధువుల మాటలు కలిసి మనిషిని ఎంతైనా ఖర్చుపెట్టేలా చేస్తాయి. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సంతానానికి వైద్య సాయం) చట్టం ప్రకారం ఐవీఎఫ్ సెంటర్లన్నీ జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. లెవెల్ 1 క్లినిక్‌కి ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం) వరకే అనుమతి, ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 కావాలి. “సరోగసీ ప్యాకేజీ ఇంత” అని ఎవరైనా రేటు చెబితే అది నేరుగా చట్టవిరుద్ధం. డబ్బు తీసుకుని బిడ్డని మోసే ఏర్పాటు మన దేశంలో నిషిద్ధం. ఇంకా, “గ్యారంటీ” అన్న మాట విన్నచోట అడ్వాన్స్ కట్టకండి. ఐవీఎఫ్‌లో గ్యారంటీ ఇవ్వగలిగిన డాక్టరు లేరు. మీ వయసు ఆడవాళ్లకి ఆ సెంటర్‌లో బిడ్డ పుట్టిన సందర్భాలు ఎంత శాతం అని అడగండి. గర్భం నిలిచిన శాతం చెప్పి సరిపెడతారు, రెండూ ఒకటి కాదు.

జుట్టు నాటించుకోవడం గురించి 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ స్పష్టంగా చెప్పింది. అది శస్త్రచికిత్స, తగిన శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి, వీడియోలు చూసి నేర్చుకుంటే చాలదు. టెక్నీషియన్ పక్కన సాయం చేయొచ్చు. కన్సల్టేషన్‌కి డాక్టరు కనిపించి, ఆ రోజు మొత్తం పని టెక్నీషియన్ల చేతిలో పెట్టే చోట్లు ఉన్నాయి. “కోత పెట్టేది ఎవరు, మత్తు సూది వేసేది ఎవరు, డాక్టరుగారు ఎంతసేపు గదిలో ఉంటారు” అని ముందే అడిగి, పేరు రాయించుకోండి.

రక్తపరీక్షల ల్యాబులకి ఎన్‌ఏబీఎల్ అనే నాణ్యత గుర్తింపు స్వచ్ఛందం, తప్పనిసరి కాదు. ఉంటే మంచిది. ఆ గుర్తు రిపోర్టు మీద సర్టిఫికెట్ నంబరుతో ఉండాలి, గుర్తింపు కూడా అన్ని పరీక్షలకీ ఉండకపోవచ్చు. మీ వీధి చివర ఉన్నది చాలావరకు శాంపిల్ తీసుకునే సెంటరే, అసలు పరీక్ష వేరేచోట జరుగుతుంది. ఎక్కడికి పంపుతారు, ఎన్ని గంటల్లో పంపుతారు అని అడగండి. ఆస్పత్రులకి ఎన్‌ఏబీహెచ్ కూడా ఇలాంటిదే, లైసెన్సు కాదు, నాణ్యతకి అదనపు గుర్తింపు.

నాలుగో పని: సూది గదిలో కళ్లు తెరిచి చూడటం

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా చేతులు శుభ్రంగా లేకపోతే లాభం లేదు. ఇది మీ కళ్లముందు జరిగేది కాబట్టి ఎవరినీ నమ్మాల్సిన పని లేదు.

ఇంజెక్షన్ వేసేముందు నర్సు చేతులు కడుక్కున్నారా, శానిటైజర్ రాసుకున్నారా చూడండి. సిరంజి సీల్ చేసిన కవర్‌లోంచి మీ ముందే తీయాలి. ముందే మందు నింపి ట్రేలో వరసగా పెట్టి ఉంచిన సిరంజి వద్దనండి. మందు సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమనండి, చూపించడానికి ఓ క్షణం పడుతుంది అంతే. వేశాక సూది ఎటు వెళ్లిందో చూడండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, ప్లాస్టిక్ సిరంజి, గ్లోవ్స్, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్లాలి. అన్నీ ఒకే చెత్తబుట్టలో పడుతున్నాయంటే, ఆ క్లినిక్‌లో మనకి కనిపించని గదుల్లో ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

పళ్ల క్లినిక్‌లో ఇది ఇంకా ముఖ్యం. ఒకే పరికరం ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి వెళ్తుంది. కుర్చీలో పడుకున్నాక, పని మొదలుపెట్టే ముందు పరికరాలు దేంట్లోంచి తీస్తున్నారో గమనించండి. ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో, పెట్టిన పరికరాలు ఒకవైపు కాగితం, ఒకవైపు పారదర్శకంగా ఉండే సీల్ చేసిన పౌచ్‌లో ఉంటాయి. పౌచ్ అంచున చిన్న గుర్తు ఉంటుంది, వేడి ఆవిరిలో పెట్టాక దాని రంగు మారుతుంది. రంగు మారిన పౌచ్‌ని మీ ముందు చించి పరికరం తీస్తే సంతోషం. ట్రేలో ద్రవంలో మునిగి ఉన్నవి అలాగే తీసి తుడిచి వాడబోతుంటే, “డాక్టర్‌గారూ, ఆటోక్లేవ్ చేసినవి వాడండి” అని నోరు తెరిచి చెప్పండి. డ్రిల్లు పట్టుకునే హ్యాండ్‌పీస్‌ని కూడా ప్రతి పేషెంట్‌కీ మార్చాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

ఐదో పని: ఆపరేషన్ అయితే

“ఆపరేషన్ ఎవరు చేస్తారు” అని అందరం అడుగుతాం. “మత్తు ఎవరు ఇస్తారు” అని ఎవరూ అడగరు. పూర్తి మత్తో వెన్నులో మత్తో ఇచ్చే చోట అనస్తీషియా డాక్టరు తప్పక ఉండాలి. ఆ డాక్టరు ముందురోజే వచ్చి మీ బీపీ, షుగర్, వాడే మందులు, అలర్జీలు, ఇదివరకటి ఆపరేషన్లు అడిగి తెలుసుకోవాలి. ఆక్సిజన్, గుండె ఆగితే షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉన్నాయా? ఐసీయూ ఇక్కడే ఉందా? లేకపోతే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, అంబులెన్స్ ఎవరిది? సిల్క్ బోర్డు దగ్గర సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి తెలుసు. మ్యాప్‌లో నాలుగు కిలోమీటర్లన్నంత మాత్రాన దగ్గర కాదు.

సంతకాల కాగితం మాటకొస్తే, బెంగళూరులో అది ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు “అడిగారు, పెట్టేశాను” అంటారు. మీరు పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పండి, లేదా తెలుగు వచ్చిన సిబ్బందిని పిలిచి చెప్పమనండి. ఏ ఆపరేషన్, ఏ వైపు, కుడా ఎడమా, ఏ ప్రమాదాలు, వేరే మార్గం ఏముంది, ఇవి తెలియకుండా చేసిన సంతకం సరైన అంగీకారం కాదు. పరీక్ష కోసమని సంతకం తీసుకుని ఆ మత్తులోనే పెద్ద ఆపరేషన్ చేసేయడం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీలు వదిలిన కాగితం మీద మాత్రం ఎంత తొందరపెట్టినా సంతకం వద్దు.

“ఈరోజే చేర్పించకపోతే కష్టం” అంటే, అది నిజంగా అత్యవసరమా అని సూటిగా అడగండి, కారణం కాగితం మీద రాసివ్వమనండి. అత్యవసరం కాకపోతే సెకండ్ ఒపీనియన్ మీ హక్కు. దానికి బెంగళూరులో మనకో వరం ఉంది. గుండెకి జయదేవ, క్యాన్సర్‌కి కిద్వాయ్, మెదడు, నరాలకి నిమ్హాన్స్, కళ్లకి మింటో, అన్నీ ప్రభుత్వ సంస్థలే. పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడాలి, రోజంతా పట్టొచ్చు. కానీ అక్కడి డాక్టరుకి మీకు ఆపరేషన్ అంటగట్టాల్సిన అవసరం లేదు.

ఎవరు పంపారో కూడా చూసుకోండి

ఇది రాయలసీమ నుంచి వచ్చేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఊళ్లో తెలిసినాయనే కారు మాట్లాడి, తోడుగా వచ్చి మరీ ఒక ఆస్పత్రిలో చేర్పిస్తాడు. సాయం చేశాడనుకుంటాం. ఒక్కోసారి నిజంగా సాయమే. ఒక్కోసారి మీ బిల్లులో కొంత ఆయన జేబులోకి వెళ్తుంది. పేషెంట్‌ని పంపినందుకు కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం డాక్టర్లకి నిషిద్ధమని 2002 నిబంధనలే చెబుతున్నాయి, అయినా జరుగుతూనే ఉంది. రైల్వే స్టేషన్‌లో, బస్టాండ్‌లో, “అక్కడ క్యూ ఎక్కువ, ఇంకో మంచి చోటుకి తీసుకెళ్తా” అనే ఆటో డ్రైవర్ మాట వినకండి. మీరు బయల్దేరేముందే ఆస్పత్రి పేరు, డాక్టరు పేరు, అపాయింట్‌మెంట్ టైమ్ ఖాయం చేసుకుని, ఇక్కడ ఉన్న మీవాళ్లని కేపీఎంఈ నంబరు సరిచూడమని చెప్పి, అప్పుడు బయల్దేరండి.

డబ్బు లెక్క

చికిత్సల రేట్లు పేషెంట్లకి కనిపించేలా పెట్టాలని కేపీఎంఈ చట్టం చెబుతోంది. ఆపరేషన్‌కి ముందు అంచనా ఖర్చు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ప్యాకేజీ అంటే అందులో ఏముంది, ఏం లేదు, లెన్సో ఇంప్లాంటో ఏ కంపెనీది, ఎంత, ఒక రోజు ఎక్కువ ఉంటే ఎంత, అన్నీ అడగండి. బిల్లు ఐటమ్ వారీగా కావాలి. మందులకి బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు తీసుకోండి.

ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ నెట్‌వర్క్ జాబితాతోపాటు, క్లెయిమ్ ఇవ్వని ఆస్పత్రుల జాబితా కూడా ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో చూడండి. నమోదు లేని చోట, చాలినన్ని పడకలు లేని చోట చేరితే రీయింబర్స్‌మెంట్ కూడా ఆగిపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ కార్డుతో వచ్చేవాళ్లు, ఇదివరకు ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, బెంగళూరులో అన్ని ఆస్పత్రుల్లో, అన్ని చికిత్సలకి అది చెల్లదని గుర్తుంచుకోండి. మీ ఊరి దగ్గరి నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి, ఈ జబ్బుకి బెంగళూరులో ఏ ఆస్పత్రి వర్తిస్తుందో కనుక్కున్నాకే రండి. ఇక్కడికొచ్చాక తెలిస్తే చేతిలో ఉన్న బంగారం తాకట్టు పెట్టడమే మిగులుతుంది.

తేడా వస్తే

ముందు రికార్డులు తీసుకోండి. మెడికల్ రికార్డులు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడిగిన ఉత్తరం కాపీ మీద ఆస్పత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. బిల్లు బాకీ ఉందని మృతదేహాన్ని ఇవ్వకుండా ఆపే అధికారం కర్ణాటక చట్టం ప్రకారం ఎవరికీ లేదు. ఆ స్థితిలో ఉన్న కుటుంబానికి ఈ మాట చెప్పేవాళ్లు పక్కన ఉండాలి, అందుకే రాస్తున్నాను.

ఆస్పత్రి నమోదు, రేట్లు, సౌకర్యాల మీద ఫిర్యాదు అయితే జిల్లా రిజిస్ట్రేషన్, ఫిర్యాదుల పరిష్కార ప్రాధికారానికి ఇవ్వాలి, దానికి జిల్లా డిప్యూటీ కమిషనర్ అధ్యక్షుడు. డాక్టరు ప్రవర్తన మీద అయితే కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌కి. నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పు వచ్చింది. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

చికిత్స బెంగళూరులో జరిగిందని కేసు కోసం ఇక్కడికి తిరగాల్సిన పని లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. అనంతపురం వాళ్లు అనంతపురంలో, చిత్తూరు వాళ్లు చిత్తూరులో. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు. దానికి కావాల్సినవి మందుల చీటీలు, బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, సంతకం చేసిన కాగితాల కాపీలు. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక ప్లాస్టిక్ ఫైలు కొని, ప్రతి కాగితాన్నీ తేదీ వారీగా అందులో పెట్టండి. ప్రతిదానికీ ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపించండి.